క్యాప్సూల్ సంగతి తర్వాత, ముందు ఆ విరేచనాల సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 46. మల్కాజిగిరిలో ఉంటాం. వానలు మొదలయ్యాక మూడుసార్లు వైరల్ జ్వరం వచ్చింది. ప్రతిసారీ మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మూడు మాత్రలు తెచ్చుకుని వేసుకున్నాను, తగ్గిపోయింది. చివరి జ్వరం తర్వాత మూడు వారాలుగా రోజుకు నాలుగైదు విరేచనాలు అవుతున్నాయి. ఆఫీసు ఉన్న రోజున విరేచనాలు ఆపే లోపెరమైడ్ వేసుకుంటున్నాను. మూడు కిలోలు తగ్గాను, అదొక్కటే సంతోషం. పేగుల్లో మంచి బ్యాక్టీరియా ఉంటే ఇమ్యూనిటీ పెరిగి వైరస్‌లు దరిచేరవని విని ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ మొదలుపెట్టాను. కీళ్లవాతానికి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్న మా అత్తగారికి (72) కూడా ఇస్తున్నాను. ఏ కంపెనీవి మంచివి? ఎన్ని కోట్ల బ్యాక్టీరియా ఉన్నవి కొనాలి?

జవాబు: కంపెనీ పేరు చెప్పను. మీరు అడిగినదాని కంటే మధ్యలో తేలిగ్గా దాటేసిన మాటలే నాకు ఎక్కువ ఆందోళన కలిగించాయి.

మూడు వారాల విరేచనాలు, మూడు కిలోల బరువు. ఇందులో సంతోషించడానికి ఏమీ లేదమ్మా. యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడు కడుపు కాస్త పాడవడం మామూలే, సాధారణంగా మందు ఆపిన కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. ఇన్నాళ్లు సాగితే కారణం వెతకాలి. అమీబా, జియార్డియా వంటి పరాన్నజీవులు ఉండవచ్చు. యాంటీబయాటిక్ దెబ్బకు మంచి బ్యాక్టీరియా పోయిన చోట క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే మొండి బ్యాక్టీరియా పెరిగి ఉండవచ్చు. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే విరేచనాలు, బరువు తగ్గడం కలిసి వస్తాయి. మిమ్మల్ని చూడకుండా ఫలానా జబ్బని చెప్పడం సరికాదు. మల పరీక్ష, రక్తకణాల పరీక్ష, షుగర్, థైరాయిడ్, క్రియాటినిన్, సోడియం, పొటాషియం చేయించి ఈ వారంలోనే ఎవరైనా ఫిజీషియన్‌కు చూపించండి. దగ్గరలో బస్తీ దవాఖానా ఉంటే వీటిలో చాలావాటికి ఖర్చు కూడా ఉండదు. లోపెరమైడ్ ఈరోజే ఆపండి. లోపల ఇన్ఫెక్షన్ ఉంటే దాన్ని బయటికి పోనివ్వకుండా బిగించినట్టవుతుంది. మలంలో రక్తం కనబడినా, మళ్లీ జ్వరం వచ్చినా, కడుపు ఉబ్బి నొప్పి ఎక్కువైనా, మూత్రం తగ్గినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇక ఆ మూడు జ్వరాలు. అవి వైరల్ అని ఎవరు చెప్పారు? వానాకాలంలో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఓపీ ముందు నిలబడి చూడండి. డెంగీ, టైఫాయిడ్, మామూలు ఫ్లూ మొదటి రోజు ఒకే రకంగా మొదలవుతాయి. నిజంగా వైరల్ అయితే అజిత్రోమైసిన్ దాన్ని ఏమీ చేయలేదు. చాలా వైరల్ జ్వరాలు మూడు నాలుగు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రకు వస్తుంది. అదే టైఫాయిడ్ అయితే ఇంకా నష్టం. మూడు మాత్రలతో జబ్బు సగం అణిగి, తర్వాత బ్లడ్ కల్చర్ (రక్తంలోని సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష) చేసినా అది దొరక్కపోవచ్చు. అందుకే కల్చర్‌కు రక్తం యాంటీబయాటిక్ వేయకముందే ఇవ్వాలి. డెంగీ ఎన్ఎస్1 పరీక్ష మొదటి నాలుగైదు రోజుల్లో చేయిస్తేనే ఎక్కువగా ఉపయోగం. అప్పటిదాకా పారాసెటమాల్, నీళ్లు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వద్దు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందును కౌంటర్ మీద అందించే షాపువాళ్లదీ తప్పే, కానీ అడిగి తెచ్చుకున్నది మనమే కదా.

మీ ప్రశ్నకు సమాధానం కూడా ఇక్కడే ఉంది. పేగులకూ రోగనిరోధక శక్తికీ సంబంధం ఉన్న మాట నిజం. పేగు గోడల్లో రోగనిరోధక కణాలు పెద్ద సంఖ్యలో ఉంటాయి. అక్కడి బ్యాక్టీరియా మనం తినే పీచును పులియబెట్టి బ్యుటిరేట్ వంటి పదార్థాలు తయారు చేస్తుంది. అవి ఆ గోడను గట్టిగా ఉంచడమే కాక, ఆ కణాలు అతిగా రెచ్చిపోకుండా చూస్తాయి. 2011లో అమెరికాలో ఎలుకలకు యాంటీబయాటిక్స్ ఇచ్చి చూస్తే, ఫ్లూ వైరస్‌పై వాటి రోగనిరోధక స్పందన మందగించింది. ఎలుకల ఫలితాన్ని మనుషులకు నేరుగా అంటగట్టలేం. అయినా మీరు ఇమ్యూనిటీ కోసం క్యాప్సూల్ కొంటూ, మరో చేత్తో అదే పేగును ఖాళీ చేస్తున్నారేమో ఆలోచించండి.

ప్రోబయాటిక్స్ దండగ అని నేను అనడం లేదు. చాలా అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2022 నాటి సమీక్ష ప్రకారం వీటివల్ల జలుబు, గొంతునొప్పి వంటివి కొంత తగ్గే అవకాశం ఉంది, కానీ ఆధారాలు అంత బలమైనవి కావు. డెంగీని ఆపుతాయనడానికి ఆధారం లేదు. కోట్ల అంకె కంటే అది ఏ రకం, అందులో ఏ స్ట్రెయిన్ (ఉపరకం), దేనికోసం పరీక్షించారన్నదే ముఖ్యం. పైగా 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ చేసిన ఒక చిన్న అధ్యయనంలో, యాంటీబయాటిక్ తర్వాత ప్రోబయాటిక్ తీసుకున్నవారిలో సొంత బ్యాక్టీరియా తిరిగి స్థిరపడటానికి ఏమీ తీసుకోనివారికంటే ఎక్కువ కాలం పట్టింది. ఒక్క అధ్యయనంతో తీర్పు చెప్పలేం, కానీ యాంటీబయాటిక్ వేస్తే ప్రోబయాటిక్ వేసి తీరాలన్న నమ్మకం కూడా నిలబడదు.

ఇంట్లో తోడుపెట్టిన పెరుగు తినండి. అందులో బ్యాక్టీరియా బతికే ఉంటుంది. మజ్జిగ పులుసు కాస్తే చనిపోతుంది, పిండి ఎంత పులిసినా ఇడ్లీ ఆవిరిలో అదే గతి. రుచికి తినండి, ఇమ్యూనిటీ లెక్కలో వేయకండి. ఇప్పుడు పాలు పడకపోవచ్చు కాబట్టి నాలుగు రోజులు పెరుగన్నం, గంజి, అరటిపండు, ఓఆర్ఎస్‌తో సరిపెట్టుకుని, కడుపు కుదుటపడ్డాక జొన్నరొట్టె, పప్పు, ఆకుకూరలు మెల్లగా పెంచండి.

మీ అత్తగారి విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతున్నాను. స్టెరాయిడ్ వాడేవారికి బతికున్న సూక్ష్మజీవులను డాక్టరును అడగకుండా ఇవ్వకూడదు. అరుదుగానైనా అవి రక్తంలోకి చేరి ఇన్ఫెక్షన్ తెచ్చిన సందర్భాలు ఉన్నాయి. సాకరోమైసిస్ బౌలార్డి అని రాసి ఉంటే అది ఈస్ట్, ఇంకా జాగ్రత్త. క్యాప్సూల్ ఆపండి, స్టెరాయిడ్ మాత్రం సొంతంగా ఆపవద్దు, హఠాత్తుగా మానితే ప్రమాదం. స్టెరాయిడ్ వాడేవారిలో జ్వరం పైకి కనబడకపోవచ్చు కాబట్టి నీరసంగా ఉన్నా, మాట తడబడినా అదే రోజు చూపించండి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి ఆమె డాక్టర్‌ను అడగండి. ఈ వయసులో వైరస్‌ల నుంచి కాపాడటానికి క్యాప్సూల్ కంటే అవే నమ్మదగినవి.

పరీక్షలకు వెళ్లేటప్పుడు మీ ఇద్దరూ ఈ సీజన్‌లో వేసుకున్న మందుల స్ట్రిప్పులు, ఖాళీవైనా సరే, వెంట తీసుకెళ్లండి.