పెదవి మీది పుండు: ఎక్కడ లేచింది, ఎన్నాళ్లుగా ఉంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో పెదవుల గురించినవే ఎక్కువ. వాటిలో చాలావరకు ఒకే మాటతో ముగిశాయి: “బీకాంప్లెక్స్ మాత్రలు వాడాం, తగ్గలేదు.” పెదవి మీద ఏది కనిపించినా విటమిన్ లోపమనో, ఒంట్లో వేడి అనో అనుకోవడం మనకు అలవాటైపోయింది. అందుకే కారణాలు పూర్తిగా వేరైన నాలుగు ఉత్తరాలను ఈసారి ఎంచుకున్నాను.

ప్రశ్న: మా అత్తగారికి 64 ఏళ్లు. షుగరు ఉంది. ఆరేళ్లుగా కట్టుడు పళ్లు వాడుతున్నారు. మూడు నెలల నుంచి పెదవుల మూలలు రెండువైపులా చీలి, తెల్లగా నానినట్టు ఉన్నాయి. ముద్ద పెట్టుకోవడానికి నోరు తెరిస్తే నెత్తురు వస్తోంది. ఆవకాయ మాట అటుంచి, చారన్నం కూడా మండుతోందంటున్నారు. బీకాంప్లెక్స్ వేస్తున్నాం, వెన్న రాస్తున్నాం. ఇంకేం చేయాలి? (ఒక పాఠకురాలు, తణుకు)

జవాబు: పెదవుల మూలలు చీలడానికి బి2 విటమిన్ లోపం ఒక కారణమన్నది నిజమే. పాలిష్ పట్టిన తెల్లబియ్యమే కడుపు నింపే ఆహారమై, పాలు, పెరుగు, గుడ్లు, ఆకుకూరలు అంతగా అందని ఇళ్లలో ఈ లోపం కనిపిస్తుంది. అయితే మూడు నెలలు మాత్రలు వేసుకున్నా తగ్గలేదంటే కారణాన్ని మరోచోట వెతకాలి. అది మీ ఉత్తరంలోనే ఉంది.

పళ్లు పోయిన చోట దవడ ఎముక ఏటికేడు అరుగుతూ వస్తుంది. అందువల్ల మొదట్లో చక్కగా కూర్చున్న పళ్ల సెట్టు క్రమంగా వదులవుతుంది. నోరు మూసినప్పుడు గడ్డం ముక్కుకు మరీ దగ్గరగా వచ్చి, పెదవుల మూలల్లో చర్మం మడత పడుతుంది, ఆ మడతలోకి ఉమ్మి చేరి నిలిచిపోతుంది. ఎప్పుడూ తడిగా ఉండే అటువంటి చోట క్యాండిడా అనే శిలీంధ్రం, ఒక్కోసారి దానితోపాటు బ్యాక్టీరియా కూడా పెరుగుతాయి. షుగరు అదుపు తప్పినవారిలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. మూలలు తెల్లగా నానినట్టు ఉన్నాయన్న మీ వర్ణన దీనికే సరిపోతోంది. వెన్న వల్ల ఎండిన పెదవికి మెత్తదనం వస్తుందే తప్ప శిలీంధ్రం పోదు.

ముందు పరగడుపు షుగరుతోపాటు మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. రక్తహీనత వల్ల కూడా మూలలు చీలుతాయి కనుక హిమోగ్లోబిన్ చూపించండి. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారిలో బి12 తగ్గే అవకాశం ఉంది, కాబట్టి దాన్నీ పరీక్షించమని అడగండి. క్లోట్రిమజోల్ వంటి శిలీంధ్రాన్ని చంపే క్రీమును డాక్టరు చెప్పినన్ని రోజులూ రాయాలి, పైకి మానగానే ఆపకూడదు. గుండె జబ్బుకు వార్ఫరిన్ మాత్ర వాడుతున్నవారు మైకోనజోల్ నోటి జెల్లును సొంతంగా కొనకూడదు; రెండూ కలిస్తే రక్తం ప్రమాదకరంగా పలచబడుతుంది. ఇక పళ్ల సెట్టును రాత్రి తీసేసి, బ్రష్షుతో తోమి, నీళ్లలో వేసి ఉంచాలి. చాలామంది పెద్దవారు నలుగురిలో బోసినోటితో కనిపించడం ఇష్టం లేక దాన్ని పెట్టుకునే పడుకుంటారు. వారి మొహమాటం అర్థం చేసుకోదగినదే, కానీ ఆ పళ్లకు అంటుకున్న శిలీంధ్రమే మళ్లీ మళ్లీ మూలలకు చేరుతుంది. ఆరేళ్లయింది కనుక దంతవైద్యుడి దగ్గర కొలతలు మళ్లీ తీయించండి. సెట్టు వదులుగానే ఉంటే ఏ క్రీము రాసినా నాలుగు రోజుల ముచ్చటే అవుతుంది.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. రెండేళ్లలో ఐదుసార్లు కింది పెదవికి కుడివైపున, సరిగ్గా అదే చోట, మంటతో మొదలై పొక్కింది. మానాక నల్లమచ్చ మిగులుతోంది, ప్రతిసారీ అది ఇంకా చిక్కబడుతోంది. జ్వరమో విరేచనాలో వచ్చినప్పుడే ఇలా అవుతోంది కాబట్టి ఇంట్లో అందరూ “జ్వరానికి మూతి పేలింది” అంటున్నారు. ఎసైక్లోవిర్ క్రీము రాసినా ఫలితం లేదు. మాకు నెలల బాబు ఉన్నాడు, ముద్దు పెట్టుకోవడానికి భయంగా ఉంది. (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: మూతి పేలడం అని మనం అనేది సాధారణంగా హెర్పిస్ వైరస్ పని. ప్రపంచంలో 50 ఏళ్ల లోపు వారిలో సుమారు మూడింట రెండు వంతుల మందిలో ఈ వైరస్ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చాలామందికి చిన్నతనంలోనే సోకి, ముఖానికి వచ్చే నరం మొదలు దగ్గర నిద్రాణంగా ఉండిపోతుంది. జ్వరం, తీవ్రమైన ఎండ, నిద్రలేమి, నెలసరి వంటివి దాన్ని లేపుతాయి. మొదట ఒక పూట చిమచిమలాడుతుంది, తరవాత ఆవగింజలంతటి నీటిపొక్కులు గుంపుగా లేస్తాయి, అవి పగిలి పక్కు కట్టి వారం పది రోజుల్లో రాలిపోతాయి. ఎసైక్లోవిర్ క్రీమును ఆ చిమచిమలాడే పూటే మొదలుపెట్టి రోజుకు ఐదుసార్లు రాస్తేనే కొంత ఉపయోగం.

హెర్పిస్ కూడా ఇంచుమించు పాత చోటునే తిరిగి లేస్తుంది కాబట్టి మీ ఇంట్లోవారు అలా అనుకోవడంలో తప్పు లేదు. కానీ హెర్పిస్ సాధారణంగా నల్లమచ్చను వదలదు. మచ్చ ప్రతిసారీ చిక్కబడుతోందన్న మీ మాట చదవగానే నాకు కలిగిన అనుమానం జ్వరం మీద కాదు, జ్వరానికి మీరు వేసుకున్న మాత్ర మీద. ఒక మందు పడనివారికి, అది కడుపులో పడిన కొన్ని గంటల్లోనే, ఎప్పుడూ ఒకే చోట చర్మం మండి పొక్కడాన్ని ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారు. పెదవి దానికి ఇష్టమైన చోటు. కోట్రైమాక్సజోల్, టెట్రాసైక్లిన్ జాతి మందులు, విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్, ఆర్నిడజోల్ వంటివి, ఒళ్లు నొప్పుల మాత్రలు దీనికి తరచుగా కారణమవుతాయి. అరుదుగా పారాసిటమాల్ కూడా కావచ్చు.

ఇటువంటివారిని నేను మొదట అడిగేది మాత్రల అట్టలు తెమ్మని. చాలాసార్లు వారు సంచి బోర్లిస్తే బల్ల మీద పడేవి కత్తెరతో కత్తిరించిన రెండేసి మాత్రల ముక్కలు, వెండి కాగితం తప్ప వాటి మీద పేరే ఉండదు. మందుల దుకాణంలో ముక్క ఇచ్చినప్పుడు పేరున్న వైపు ఇమ్మని అడగండి, లేదా అట్టను ఫోనులో ఫొటో తీసుకోండి. ఐదుసార్లూ ఏమేం వేసుకున్నారో గుర్తు తెచ్చుకుని రాసి చర్మవైద్యుడికి చూపండి. ఆ మందు ఏదో తేలితే దాని పేరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకుని, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందుగా అదే చూపాలి. నిర్ధారణ కోసం ఇంట్లో ఆ మాత్రను మళ్లీ వేసుకుని చూడటం మాత్రం వద్దు. ఎప్పుడైనా పెదవితోపాటు కళ్లు, నోటి లోపలి భాగం, మర్మాంగాలు కూడా పొక్కినా, ఒంటిమీద చర్మం ఊడుతున్నా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

బాబు విషయంలో మీ భయం సమంజసమే. మీది మందు వల్ల వచ్చినదైతే అంటదు. కానీ వైద్యుడు ఆ మాట చెప్పేదాకా, పెదవి పచ్చిగా ఉన్న రోజుల్లో ముద్దు పెట్టకండి, చేతులు కడుక్కునే ఎత్తుకోండి. పసికందులకు, ముఖ్యంగా నెల లోపు వారికి, హెర్పిస్ సోకితే అది మెదడుకు పాకి ప్రాణం మీదికి రావచ్చు. బారసాలకు వచ్చే చుట్టాలకు కూడా ఈ మాట చెప్పడానికి ఎవరూ సంకోచించకూడదు.

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్లు. మామిడిపళ్ల రోజుల్లో మూతి చుట్టూ ఎర్రబడి, గరుకుగా, గీత గీసినట్టు అవుతుంది. ఎప్పుడూ నాలుకతో తడుపుకుంటూనే ఉంటుంది. (ఒక తల్లి, నూజివీడు)

జవాబు: నూజివీడులో పుట్టిన పిల్లను మామిడిపండు తినొద్దనే అవసరం లేదు. తొడిమ దగ్గర కారే సొన, తొక్కలోని రసం కొందరికి పడవు. మామిడి జీడిమామిడి కుటుంబానికి చెందిన చెట్టే మరి. పండును కాసేపు నీళ్లలో వేసి, ముచ్చిక కోసి, తొక్క తీసి ముక్కలుగా పెట్టండి, పంటితో తొక్క చీల్చి చీకనివ్వకండి. తిన్న వెంటనే మూతి కడగండి. తడుపుకునే కొద్దీ ఉమ్మి ఆరిపోతూ చర్మంలోని తేమను కూడా తీసుకుపోతుంది, పెదవి ఇంకా ఎండుతుంది. వాసనా రంగూ లేని పెట్రోలియం జెల్లీ రోజుకు నాలుగైదు సార్లు, పడుకునే ముందు తప్పకుండా రాయండి. దుకాణంలో అడిగి స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంటు తెచ్చి రాయవద్దు.

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. సముద్రం మీద చేపల వేటకు వెళతారు. ముప్పై ఏళ్లుగా కింది పెదవి లోపల ఖైనీ పెట్టుకుంటారు. అక్కడ తెల్లటి మచ్చ, మధ్యలో చిన్న పుండు రెండు నెలలుగా ఉన్నాయి. నొప్పి లేదు కదా అని ఆసుపత్రికి రానంటున్నారు. (ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: నొప్పి లేదన్న ఆ మాటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. పెదవికి రక్తప్రసారం బాగా ఉంటుంది కనుక పంటిగాటు పడినా, మామూలు నోటిపూత అయినా రెండు వారాల్లో మానాలి. అంతకు మించి నిలిచిన పుండును, అందులోనూ పొగాకు పెట్టుకునే చోట తెల్లమచ్చ మీద లేచినదాన్ని, క్యాన్సర్ కాదని తేలేదాకా అనుమానించవలసిందే. ఈ పుండు తొలిరోజుల్లో నొప్పి పెట్టకపోవచ్చు. ఏళ్ల తరబడి సముద్రం మీద ఎండలో పనిచేయడం కూడా కింది పెదవికి చేటే.

ముక్క పరీక్ష చేస్తారు. మత్తు సూది ఇచ్చి చిన్న ముక్క తీస్తారు, అదే రోజు ఇంటికి వచ్చేయవచ్చు. కత్తి తగిలితే జబ్బు పాకుతుందన్న భయం మన ఊళ్లలో బలంగా ఉంది, అది నిజం కాదని మీరే ఆయన పక్కన కూర్చుని నిదానంగా చెప్పండి. మీకు దగ్గరలో విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద క్యాన్సర్ చికిత్స అందుతుంది కనుక కార్డు వెంట తీసుకెళ్లండి. ఒకవేళ క్యాన్సరే అయినా, చిన్నదిగా ఉన్నప్పుడే పట్టుకుంటే చాలామందికి ఆపరేషన్‌తో నయమవుతుంది. ఖైనీని ఈ రోజే మానిపించండి, రెండోవైపు పెదవికి మార్చడం మానడం కాదు.

మీ తీరంలో ఆడవారు కొందరు చుట్టను వెలిగించిన వైపు నోట్లో ఉంచుకుని అడ్డపొగ తాగుతారు. ఆ వేడికీ పొగకూ ముందుగా దెబ్బతినేది అంగిలి. మీ ఇంట్లో ఆ అలవాటున్నవారు ఉంటే నాన్నగారితోపాటే బయలుదేరదీసి, వారి అంగిలిని కూడా అదే రోజు టార్చి వేసి చూడమని డాక్టరును అడగండి.