ఉద్యోగం మానేసి వెండి నగల డిజైనర్ కావాలంటే: ముందు తెగిన పట్టీలు అతకడం నేర్చుకోండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. పదేళ్లుగా హైటెక్ సిటీలో టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నారు. బొమ్మలు బాగా వేస్తారు. రాజీనామా చేసి, ఒక కోర్సు చదివి, సొంతంగా వెండి నగలు డిజైన్ చేసి అమ్మాలని ఉంది. డిజైన్ డిగ్రీ లేదు, కంసాలి కుటుంబం కూడా కాదు. కుదురుతుందా?

కుదురుతుంది. నేను పదకొండేళ్లు ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్ట్‌గా చేసి ఇటు వచ్చాను. మాది వ్యవసాయ కుటుంబం, నగల పని తెలిసినవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. ఆరేళ్లుగా మా ఇల్లు ఈ పని మీదే నడుస్తోంది. కానీ మీరు రాసిన వరుస మార్చండి. రాజీనామాను చివరికి నెట్టండి. కోర్సుకూ తొందర లేదు. ముందు రిపేర్లు చేసే ఒక పనివాడి దగ్గర కూర్చోండి.

నేను అలాగే మొదలుపెట్టాను. సికింద్రాబాద్ పాట్ మార్కెట్ దగ్గర చిన్న గదిలో పనిచేసే ఒక పెద్దాయన దగ్గరికి మా అమ్మ పట్టీలు అతికించడానికి తీసుకెళ్లాను. ఆయన చేస్తుంటే గంటసేపు కదలకుండా చూశాను. "బాబాయ్, శనివారాలు వచ్చి కూర్చోవచ్చా?" అని అడిగాను. "కూర్చోమ్మా, బల్ల మీద పొడి మాత్రం ఊదకు" అన్నాడు. ఆకురాయితో రాస్తే రాలే ఆ పొడి కూడా వెండే. సాయంత్రం కుంచెతో ఊడ్చి డబ్బాలో పోసుకుంటారు, తర్వాత కరిగిస్తారు.

ఎనిమిది నెలలు వెళ్లాను. కొక్కెం ఊడిన పట్టీలు, మువ్వలు రాలిపోయిన గొలుసులు, పలచబడ్డ మెట్టెలు, చంటిపిల్లల మొలతాళ్లు, శీల వదులైన దిద్దులు, ఇవే రోజూ వచ్చేవి. పట్టీ మధ్యలో తెగడం ఆ ఎనిమిది నెలల్లో నేను చాలా తక్కువసార్లు చూశాను. కొక్కెం పక్కనున్న రింగే అరిగి తెగేది. మెట్టె వేలి కింద, నేలకు రాసుకునే చోట పలచబడేది. ఏ అంచు చీర కుచ్చిళ్లకు పడుతుందో, ఏ మూల జుట్టుకు చిక్కుతుందో అక్కడే తెలిసింది. ఇప్పటికీ కొత్త పట్టీ గీసేటప్పుడు మొదట కొక్కెం గీస్తాను, పువ్వులూ మామిడి పిందెలూ తర్వాత. నన్నెవరైనా డిజైన్ ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే ఆ గది పేరే చెబుతాను.

టంకం పెట్టడం, అంటే నగ కంటే ముందే కరిగే లోహాన్ని కరిగించి ముక్కలు అతకడం, మాత్రం చూస్తే రాదు, చేయాల్సిందే. వెండి వేడిని క్షణాల్లో అంతటా పాకించేస్తుంది. అతుకు దగ్గర ఒక్కచోటే మంట పెడితే టంకం ముద్దగా ఉండిపోతుంది, అతకదు. నగ మొత్తం సమంగా వేడెక్కాలి. వెలిగారం పూసి, మంట తిప్పుతూ, లోహం రంగు చూస్తూ ఉండాలి. మేలిమి వెండి సుమారు 961 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రాగి కలిసిన వెండి అంతకంటే ముందే. టంకం పారడానికీ నగ కరిగిపోవడానికీ మధ్య ఉండేది కొన్ని క్షణాలే. బాబాయ్ ఆ సమయంలో గదిలో లైటు తీసేసేవాడు. వెలుతురు ఎక్కువుంటే ఆ సన్నటి ఎరుపు కంటికి ఆనదు. నేను మూడు ఉంగరాలు కరగబెట్టాక నాలుగోది అతికింది. చివర్లో కుంకుడుకాయ నురుగుతో, ఇత్తడి తీగల బ్రష్‌తో తోమితే వచ్చే తెల్లటి మెరుపు చూసిన రోజు ఇంటికి వచ్చి నిద్రపోలేదు.

మీరు బొమ్మలు బాగా వేస్తారు కాబట్టి ఒక జాగ్రత్త చెప్పాలి. కాగితం మీద బరువు కనపడదు. నా మొదటి సొంత డిజైన్ తామర మొగ్గ దిద్దులు. మైనంతో నమూనా చెక్కాను, ఒక్కోటి ఒకటిన్నర గ్రాము తూగింది. తేలికగానే ఉందనుకుని పోతకు, అంటే మైనం ఉన్న చోట కరిగిన వెండి పోయించడానికి, ఇచ్చాను. మైనం కంటే వెండి సుమారు పదిన్నర రెట్లు బరువు. జత 31 గ్రాములు వచ్చింది. మా చెల్లి పెట్టుకుంటే పది నిమిషాల్లో చెవి తమ్మెలు ఎర్రబడ్డాయి. మొత్తం కరిగించి, వెనక బోలుగా ఉండేలా మళ్లీ చేశాను. అప్పటి నుంచి మైనం తూచి, పదిన్నరతో గుణించకుండా ఏ నమూనా ఇవ్వను. చెవికి పెట్టుకునేది ఒక్కోటి ఎనిమిది గ్రాములు దాటనివ్వను.

సరుకు సంగతి. 925 వెండి అంటే వెయ్యి పాళ్లలో 925 వెండి, మిగతాది ఎక్కువగా రాగి. మాటల మీద నమ్మి కొనకండి. మొదటి ఏడాది నేను ఒకచోట కొన్న తీగ 925 అన్నారు, హాల్‌మార్కింగ్ సెంటర్‌లో పరీక్ష చేయిస్తే అంతకంటే బాగా తక్కువ తేలింది. అప్పటికే ఆ తీగతో చేసిన గొలుసులు రెండు అమ్మేశాను. కొన్న ఇద్దరికీ ఫోన్ చేసి వెనక్కి తీసుకుని, కొత్తవి చేసిచ్చాను. వాళ్లిద్దరూ ఇప్పటికీ నా దగ్గరే కొంటారు. 2025 సెప్టెంబర్ నుంచి వెండి హాల్‌మార్క్‌కూ హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకు విడిగా ఇచ్చే ఆరు అక్షరాలు, అంకెల గుర్తు, వచ్చింది. తప్పనిసరి చేయలేదు, అయినా వేయించండి.

ఇంకో పొరపాటు నాదే. ఎగ్జిబిషన్‌కి గొలుసులను రబ్బరు బ్యాండ్లతో కట్టి పెట్టాను. రబ్బరులో గంధకం ఉంటుంది, అది వెండిని నల్లబరుస్తుంది. వారంలో ప్రతి గొలుసు మీదా నల్ల చారలు. గాలి చొరని జిప్ కవర్లలో విడివిడిగా పెట్టండి.

పనివాళ్ల కోసం పాతబస్తీ తిరగాలి. గుల్జార్ హౌజ్, చార్‌కమాన్ చుట్టుపక్కల వెండి దుకాణాల వెనక సందుల్లో పోత పోసేవారు, రాళ్లు పొదిగేవారు, పాలిష్ పట్టేవారు వేర్వేరుగా ఉంటారు. చాలామంది బెంగాల్ నుంచి వచ్చిన కారిగర్లు, హిందీలోనే మాటలు. ఒక జత దిద్దులు నలుగురి చేతులు మారతాయి. మజూరీ చెప్పిన రోజున ఇవ్వండి, పండుగ సీజన్‌లో మీ పని ముందు చేసేది అందుకే. తీగ పని కావాలంటే నేను కరీంనగర్‌లో చేయిస్తాను, అక్కడి ఫిలిగ్రీకి (సన్నటి వెండి తీగల అల్లిక పనికి) జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి ప్రత్యేక వస్తువన్న అధికారిక గుర్తింపు, ఉంది. దాన్ని అచ్చు పోసి చేతిపనిగా అమ్మేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మీరు ఆ పని చేయకండి.

ధర దగ్గర అందరికీ టెన్షనే. మనవాళ్లు వెండిని తులాల లెక్కన కొంటారు, "వెండికి ఇంతా?" అంటారు. నేను బిల్లులో వెండి విలువ, తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్‌టీ విడివిడిగా రాస్తాను. మజూరీలో నా గంటలు కూడా ఉంటాయి. మొదటి ఏడాది అవి వేసుకోలేదు, ఏడాది చివర లెక్క చూస్తే నాకు మిగిలింది ఏమీ లేదు. 2025లో వెండి కిలో లక్ష దాటి ఇంకా పైకి పోయింది. ముందుగా ధర ఒప్పుకున్న ఆర్డర్లన్నీ ఆ ఏడాది నష్టానికే చేశాను. ఇప్పుడు అడ్వాన్స్ పడిన రోజే ఆ ఆర్డర్‌కు సరిపడా వెండి కొనేస్తాను.

రాజీనామా ఎప్పుడంటే, నా లెక్క ఇది: వరసగా ఆరు నెలలు నగల మీద మిగిలిన డబ్బు ఇంటి అద్దె, ఈఎంఐ, పిల్లల ఫీజు కట్టగలిగిన తర్వాత. నాకు అది మూడో ఏడాదిలో వచ్చింది. అప్పటిదాకా శని ఆదివారాలు, రాత్రి రెండు గంటలు చాలు.

ఈ వారం ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, పెట్టె అడుగున పడున్న తెగిన పట్టీలు, మెట్టెలు తీయించండి. ఒక్కోటి ఎక్కడ తెగిందో చూసి నోట్‌బుక్‌లో గీయండి. తర్వాత అవే పట్టుకుని రిపేరు పనివాడి దగ్గరికి వెళ్లండి. కూర్చోనిచ్చే మనిషి దొరకడానికి నాలుగైదు గదులు తిరగాల్సి రావచ్చు. నాకు బాబాయ్ దొరికింది మూడో గదిలో.