జడ్జి మీద అనుమానం వస్తే కేసు మార్చుకోవచ్చా?

ప్రశ్న: పర్లాకిమిడి కోర్టులో మా భూమి దావా నడుస్తోంది. అవతలివాళ్లకు రాజకీయ బలం ఉంది. 'మంత్రి ఒక్క మాట చెబితే జడ్జిని బదిలీ చేస్తారు, తీర్పు ముందే రాసేసుంటుంది' అని ఊళ్లో అంటున్నారు. ఏం చెయ్యాలి?
- ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: మంత్రికి ఆ అధికారం లేదండీ. రాజ్యాంగం 235వ అధికరణం ప్రకారం కింది కోర్టుల జడ్జీల పోస్టింగులు, ప్రమోషన్లు, సెలవులు హైకోర్టు చేతిలోనే ఉంటాయి. మీకైతే అది కటక్‌లోని ఒడిశా హైకోర్టు. జీతాలు రాష్ట్ర ఖజానా నుంచే వస్తాయి. జనం అనుమానానికి అదీ ఒక కారణం.

నిజంగా పక్షపాతం కనిపిస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 24 కింద కేసు మార్చమని జిల్లా జడ్జిని గానీ హైకోర్టును గానీ అడగవచ్చు. కేసు జిల్లా జడ్జి దగ్గరే ఉంటే నేరుగా హైకోర్టుకే వెళ్లండి. ఎక్కువ దరఖాస్తులు దెబ్బతినేది ఇక్కడే: 'నా పిటిషన్ కొట్టేశారు, కాబట్టి పక్షపాతం' అంటే చెల్లదు. ఏ తేదీన ఏం జరిగింది, ఎవరి ఎదుట జరిగింది అన్నది అఫిడవిట్‌లో రాయాలి. ఊరి మాట సాక్ష్యం కాదు.

అందుకే ప్రతి వాయిదా తర్వాత, కోర్టు కేసుల వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైటు ఈకోర్ట్స్‌లో మీ కేసుకు కేటాయించిన 16 అక్షరాల గుర్తింపు సంఖ్య, అంటే సీఎన్ఆర్ నంబరు, కొట్టి ఆర్డరు చూసుకోండి. ఒడియాలో ఉంటే వకీలుతో చదివించుకోండి. తీర్పు తప్పనిపిస్తే అదే రోజు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. అప్పీలు జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90. కాపీ తయారీకి పట్టిన రోజులు ఆ లెక్కలోకి రావు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.