అమెరికా చరిత్రలో పరిశోధన: ఏ పత్రికలు చదవాలి, ఏ దారి పట్టాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఏ. చరిత్ర రెండో సంవత్సరం చదువుతోంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల అమెరికా చరిత్రపై పీహెచ్‌డీ చేస్తానంటోంది. అమెరికా పంపి చదివించే స్తోమత మాకు లేదు. ఇక్కడే ఉండి ఆ పని చేయగలదా? ఏ పుస్తకాలు, ఏ పత్రికలు చదవాలి? రేపు ఉద్యోగం దొరుకుతుందా? (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: మీ చివరి ప్రశ్నకు ముందుగా సమాధానం చెబుతాను, ఎందుకంటే మిగిలినవి దానిపైనే ఆధారపడి ఉన్నాయి. మన విశ్వవిద్యాలయాల్లో కేవలం అమెరికా చరిత్ర బోధించడానికే ఉన్న ఉద్యోగాలు చాలా తక్కువ. నియామకాల్లో అభ్యర్థిని చరిత్ర అధ్యాపకురాలిగా చూస్తారు, ఆధునిక భారత చరిత్రనూ ప్రపంచ చరిత్రనూ ఆమె చెప్పగలదా అని అడుగుతారు. అందువల్ల మీ అమ్మాయి భారత, అమెరికా చరిత్రలు కలిసే చోట ఉన్న అంశాన్ని ఎంచుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆమె ఇష్టపడిన కాలంలో అలాంటి అంశాలకు కొదవ లేదు.

బ్రిటిష్ పాలనను కూలదోయాలని అమెరికాలోని భారతీయులు నడిపిన గదర్ ఉద్యమం పత్రిక ‘గదర్’ 1913 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉర్దూలో మొదలై, త్వరలోనే గురుముఖిలోనూ వెలువడింది. లాలా లజపతి రాయ్ 1916లో అమెరికాపై ఒక పెద్ద పుస్తకం ప్రచురించి, 1918 జనవరిలో న్యూయార్కు నుంచి యంగ్ ఇండియా అనే మాసపత్రికను ప్రారంభించారు. 1917 వలస చట్టం ఆసియావాసుల్లో అత్యధికులకు తలుపులు మూసింది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వ అర్హత లేదని తీర్పు చెప్పింది. మన కనిగిరి ప్రాంతం నుంచి చదువు కోసం కాలిఫోర్నియా వెళ్లి గదర్ ఉద్యమంలో చేరిన దరిశి చెంచయ్య గారి ఆత్మకథ ‘నేనూ నా దేశం’ తెలుగులోనే ఉంది. ఆంగ్లం మాత్రమే తెలిసిన పరిశోధకులు ఆ పుస్తకాన్ని చదవలేరు. మీ అమ్మాయికి తెలుగు రావడమే ఇక్కడ పెట్టుబడి.

ఇక ఇక్కడే ఉండి చేయగలదా అన్నది. ఇరవై ఐదేళ్ల క్రితమైతే నేను సందేహించేవాణ్ని. ఇప్పుడు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ‘క్రానిక్లింగ్ అమెరికా’ పేరిట ఆనాటి దినపత్రికల లక్షలాది పుటలను ఉచితంగా చూడనిస్తోంది. ప్రచురణై 95 ఏళ్లు దాటిన అమెరికా పుస్తకాలూ పత్రికలూ హాథీట్రస్ట్, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయాల్లో విరివిగా దొరుకుతాయి. గదర్ ఉద్యమానికీ తొలితరం వలసవారికీ చెందిన పత్రాలను సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ భద్రపరుస్తోంది. అయితే వెతకడంలో ఒక మెళకువ ఉంది. ఆ కాలపు అమెరికా పత్రికలు సిక్కులనూ ముస్లింలనూ కూడా కలిపి భారతీయులందరినీ ‘హిందూ’ అనే రాసేవి. ఆ మాటను రెండు మూడు రకాల వర్ణక్రమాలతో వెతికితే తప్ప, 1907 సెప్టెంబరు 4న వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో కలప మిల్లుల భారతీయ కార్మికులను, వారిలో అత్యధికులు సిక్కులు, మూక తరిమేసిన ఘటన వార్తలు పూర్తిగా దొరకవు. పాత అచ్చును యంత్రం తప్పుగా చదువుతుంది కాబట్టి, ఘటన జరిగిన వారం సంచికలను పుట పుటా తిప్పి చూడటం కూడా అవసరమే.

పత్రికను సాక్షిగా చదవాలి, న్యాయమూర్తిగా కాదు. దీన్ని ఒక ఉదాహరణతో చెబుతాను. మెక్‌క్లూర్స్ మాసపత్రిక 1903 జనవరి సంచికలో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీపై ఐడా టార్బెల్, మినియాపొలిస్ నగర అవినీతిపై లింకన్ స్టెఫెన్స్, బొగ్గు గని కార్మికులపై రే స్టానర్డ్ బేకర్ రాసిన వ్యాసాలు ఒకేసారి వచ్చాయి. 1905లో అప్టన్ సింక్లెయిర్ షికాగో మాంస పరిశ్రమపై రాసిన ‘ది జంగిల్’ నవల అప్పీల్ టు రీజన్ అనే సోషలిస్టు వారపత్రికలో ధారావాహికగా వెలువడింది. ఆ నవల రేపిన కలకలం తరువాత, 1906 జూన్ 30న మాంస తనిఖీ చట్టం, ఆహార ఔషధాల కల్తీ నిరోధక చట్టం రెండింటిపైనా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ సంతకం చేశారు. పత్రికలను మాత్రమే చదివితే, కలం గెలిచి కంపెనీలు ఓడిపోయాయనిపిస్తుంది. చరిత్రకారుడు గేబ్రియల్ కోల్కో 1963లో వెలువరించిన ‘ది ట్రయంఫ్ ఆఫ్ కన్జర్వేటిజం’ మాత్రం పెద్ద కంపెనీలే తమ ప్రయోజనం కోసం ఆ నియంత్రణను కోరుకున్నాయని వాదిస్తుంది. దానికంటే ముందు, 1955లో వచ్చిన రిచర్డ్ హాఫ్‌స్టాడ్టర్ పుస్తకం ‘ది ఏజ్ ఆఫ్ రిఫార్మ్’ సంస్కర్తల వెనుక, హోదా సడలిపోతున్న మధ్యతరగతి ఆందోళనను చూసింది. ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టుకుని చదివిన తరువాతనే రాబర్ట్ వీబ్ రాసిన ‘ది సెర్చ్ ఫర్ ఆర్డర్’ (1967) తీసుకోమనండి. ఎవరు ఒప్పు అని తేల్చడం కంటే, ఒకే ఆధారం నుంచి వేర్వేరు నిర్ధారణలు ఎలా వచ్చాయో గమనించడమే పరిశోధకురాలికి అసలు శిక్షణ.

1910లో నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ సంపాదకత్వంలో మొదలైన ‘ది క్రైసిస్’ మాసపత్రిక సంచికలను ఆమె తప్పక చూడాలి, ఎందుకంటే పెద్ద పత్రికలు వదిలేసిన నల్లజాతి అమెరికా అందులో కనిపిస్తుంది, వలస పాలనలోని భారతదేశం గురించి కూడా ఆయన రాస్తూ వచ్చారు. నేటి పరిశోధన పత్రికల్లో జర్నల్ ఆఫ్ అమెరికన్ హిస్టరీ, ఈ కాలానికే ప్రత్యేకించిన జర్నల్ ఆఫ్ ది గిల్డెడ్ ఏజ్ అండ్ ప్రోగ్రెసివ్ ఎరా ముఖ్యమైనవి. వాటిలో పుస్తక సమీక్షలను మొదట చదివితే, ఏ ప్రశ్నలకు ఇంకా జవాబు రాలేదో అర్థమవుతుంది. 1964లో ఉస్మానియా ప్రాంగణంలో ఏర్పడిన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పేరు ఆ తరువాత మారింది. ఆ కేంద్రం సేకరించిన పుస్తకాల గురించి ఒకసారి హైదరాబాదు వెళ్లి స్వయంగా విచారించుకోవడం మంచిది.

ఖర్చు విషయంలో మీరు అప్పుచేయవలసిన అవసరం లేదు. ఆమె ముందు యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికి నెలనెలా ఇచ్చే భృతి) సాధించి, ఇక్కడి విశ్వవిద్యాలయంలోనే పీహెచ్‌డీకి చేరాలి. నమోదైన తరువాత, భారత, అమెరికా ప్రభుత్వాలు కలిసి ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేస్తే, ఎంపికైన పక్షంలో 6 నుంచి 9 నెలలు అమెరికాలో పరిశోధన చేసే వీలుంటుంది. అర్హతలను ఆ యేటి ప్రకటనలోనే సరిచూసుకోవాలి. తోడుగా గ్రంథాలయ శాస్త్రంలోగానీ పాత పత్రాల భద్రతలోగానీ ఒక చిన్న కోర్సు చేస్తే, అధ్యాపక ఉద్యోగం ఆలస్యమైనా ఆర్కైవుల్లో పని దొరికే అవకాశం ఉంటుంది.

ఈ సెలవుల్లో ఆమెతో ఒక పని చేయించండి. బెల్లింగ్‌హామ్ ఘటనను ఆ వారంలో రెండు వేర్వేరు నగరాల పత్రికలు ఎలా రాశాయో పోల్చి, తెలుగులోనో ఆంగ్లంలోనో నాలుగు పుటలు రాయమనండి. ఆ నాలుగు పుటలు పట్టుకుని, తనకు చరిత్ర చెప్పే ఆచార్యులను కలవమనండి.