వాషింగ్టన్ 16వ వీధిలో స్ఫింక్స్‌లున్న (సింహం ఒళ్లు, మనిషి తల ఉన్న విగ్రహాలు) ఆ పెద్ద భవనం గుడా? లోపలికి వెళ్లొచ్చా?

గుడి కాదండీ. ఫ్రీమేసన్లు అనే సోదర సంఘంలో స్కాటిష్ రైట్ అనే శాఖ ఉంది. అమెరికాలో ఆ శాఖ దక్షిణ విభాగం వాళ్ల ప్రధాన కార్యాలయం ఇది, పేరు హౌస్ ఆఫ్ ద టెంపుల్. లోపలికి వెళ్లొచ్చు, నేను వెళ్లాను.

నాన్నగారు ఊరి నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. నలభై ఏళ్లు తాపీమేస్త్రీగా చేసిన మనిషి. మెట్ల దగ్గరే ఆగిపోయారు. మూడు మెట్లెక్కాక ఒక చప్టా, తర్వాత ఐదు, ఏడు, తొమ్మిది. "లెక్కపెట్టి కట్టార్రా" అన్నారు. లెక్కే మరి. చుట్టూ స్తంభాలు 33, ఒక్కోటి 33 అడుగుల ఎత్తు. ఆ శాఖలో దీక్షా స్థాయిలు కూడా 33.

హాలికర్నాసస్‌లోని (ఇప్పటి టర్కీలో బోద్రుమ్) మౌసోలస్ అనే పాలకుడి సమాధి దీనికి నమూనా. ప్రాచీన ఏడు వింతల్లో ఒకటైన అది ఎప్పుడో కూలిపోయింది. పాత గ్రంథాల్లోని వర్ణనలు, తవ్వకాల్లో దొరికిన ముక్కలే ఆధారం. 1911లో పునాది వేసి 1915లో ప్రారంభించారు. వాస్తుశిల్పి జాన్ రస్సెల్ పోప్. జెఫర్సన్ మెమోరియల్ గీసిందీ ఆయనే. నాకైతే దానికన్నా ఇదే గొప్పగా అనిపిస్తుంది. మామూలు ఇళ్ల వీధిలో నడుస్తుంటే, మెట్లుమెట్లుగా పైకి పోయే ఆ పిరమిడ్ కప్పు ఒక్కసారిగా కనబడుతుంది.

స్ఫింక్స్‌లను దగ్గరగా చూడండి. ఒకదాని కళ్లు అరమోడ్పుగా ఉంటాయి, అది జ్ఞానం. రెండోది కళ్లు బాగా తెరిచి ఉంటుంది, అది శక్తి. చెక్కింది అడాల్ఫ్ వైన్‌మన్. నాన్నగారి కళ్లు మాత్రం గోడ మీదే. రాళ్ల అతుకు మీద గోరు ఆనించి చూసి, "మన తాండూరు బండలాగే సున్నపురాయి, ఎంత సాపుగా కుదిర్చారో!" అన్నారు.

లోపల ఆకుపచ్చ గ్రానైట్ స్తంభాల హాలు చల్లగా ఉంది. గైడు కోటుకున్న పిన్ను చూసి నాన్నగారు నా చెయ్యి గిల్లారు: "అది మూలమట్టం కదరా!" అవును, మూలమట్టం, వృత్తలేఖిని కలిపిందే మేసన్ల గుర్తు. మేసన్ అంటేనే రాతిపనివాడు. వాళ్ల ఆచారాల్లో తూకంగుండు, రసమట్టం కూడా ఉన్నాయని గైడు చెప్పినవన్నీ ఆయనకు తెలుగులో చెప్పాను. ఆ పిన్నును గైడు విప్పి ఆయన చేతిలో పెట్టాడు.

గ్రంథాలయం తప్పకుండా చూడండి. సందర్శన వేళలు ముందే కనుక్కోండి. పెద్దవాళ్లుంటే ఆ 24 మెట్లూ నిదానంగా ఎక్కించండి.