సంతోషం క్షణికమూ ఆనందం శాశ్వతమూనా?

సందేహం: బైబిలులోని ప్రసంగి గ్రంథం 2:1లో సంతోషాన్ని పరీక్షించి చూస్తే అది ‘వ్యర్థప్రయత్నమాయెను’ అని ఉంది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4:4లో ‘ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి’ అని ఉంది. దీన్నిబట్టి సంతోషం క్షణికం, ఆనందం శాశ్వతం అని తేడా చూపవచ్చా? ‘వ్యర్థ వినోదం’ అనడం సరేనా?

సమాధానం: మొదటిది కుదరదు. ప్రసంగాల్లో తరచు వినిపించే ఈ విభజనకు తెలుగు బైబిలులోనే ఆధారం లేదు. యోహాను 16:22లో ఎవడూ తీసివేయలేనిదని చెప్పింది ‘సంతోషము’ గురించే. యెషయా 35:10లో ‘నిత్యానందము’ అన్న వెంటనే ‘ఆనందసంతోషములు’ అని రెండింటినీ జంటగా కూర్చారు. 16వ కీర్తన చివర ‘సుఖములు’ కూడా నిత్యమైనవే. వ్యుత్పత్తి చూసినా ‘సంతోషం’ చిన్న మాటేమీ కాదు. సంతుష్టి, తుష్టి పుట్టిన ‘తుష్’ ధాతువే దీనికీ మూలం. ప్రసంగి మూలభాష అయిన హీబ్రూలోనూ అంతే: 2:1లో వ్యర్థమని తేలిన ‘సిమ్హా’యే (సంతోషమే) 2:26లో దేవుడిచ్చే వరం.

మరి తేడా ఎక్కడుంది? తెలుగు పాఠంలో విభక్తి చూడండి. ‘సంతోషముచేత శోధించి చూతును’ అన్నచోట తృతీయ: సంతోషం అక్కడ పరీక్షకు పనిముట్టు. ‘ప్రభువునందు’ అన్నచోట సప్తమి: ఆనందానికి ఆధారం చెబుతోంది. కాబట్టి నామపదాన్ని మార్చి ప్రయోజనం లేదు, దేనియందు సంతోషమో చెప్పాలి. ‘శాశ్వత సంతోషం’, ‘నిత్యానందం’ రెండూ సాధుప్రయోగాలే. రెండోదానికి వేదాంత పరిమళం ఎక్కువ, అంతే.

‘వ్యర్థం’ అంటే ప్రయోజనం లేనిది. అక్కడ ప్రసంగి వాడిన హీబ్రూ మాట ‘హెబెల్’కు మూలార్థం ఊపిరి, ఆవిరి. నిష్ప్రయోజనత్వం తెలుగులోకి వచ్చింది గానీ ఇట్టే కరిగిపోవడం రాలేదు. ఆ లోటును 7:6 కొంత పూరిస్తుంది: బుద్ధిహీనుల నవ్వు ‘బానక్రింద చిటపటయను చితుకుల మంట’ వంటిదట. చప్పుడు ఎక్కువ, కుండ కాగేలోగా మంట ఆరిపోతుంది. హీబ్రూలో ముళ్లకు ‘సీరీం’, కుండకు ‘సీర్’ అని శబ్దచమత్కారం ఉంది. తెలుగులో అది ‘చిటపట’, ‘చితుకుల’ చకారాల్లో పలికింది. అనుకొని చేశారో లేదో గానీ చక్కగా కుదిరింది.

ఇక ‘వ్యర్థ వినోదం’ తప్పు కాదు. ‘వినోదం’లో ‘నుద్’ ధాతువుంది, తోసివేయడం దాని అర్థం. బడలికనో విసుగునో పోగొట్టేది వినోదం. కనుక వినోదమంతా వ్యర్థమన్న ధ్వని రాకుండా ‘వ్యర్థమైన వినోదాలు’ అని రాస్తే మేలు. ‘ఖాళీ వినోదం’ మాత్రం వద్దు. తెలుగులో గిన్నె ఖాళీ అవుతుంది, మనిషి ఖాళీగా ఉంటాడు, వినోదం ఖాళీ కాదు.