కాళీగండకి వంతెన దాటబోతున్న మేనకోడలికి

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మను నేపాల్‌లోని ముక్తినాథ్ యాత్రకు తీసుకువెళుతున్నావనీ, దారిలో బాగ్లుంగ్ దగ్గర కాళీగండకి మీది ఊగే వంతెనను కూడా దాటిస్తానన్నావనీ నిన్న మీ అమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేసి చెప్పింది. సాలగ్రామాలు దొరికే ఆ నదిని చూడాలని మీ అమ్మమ్మ ఎంతో ఆశపడి, చూడకుండానే వెళ్లిపోయింది. ఆ కోరిక నీ చేతుల మీదుగా తీరబోతున్నందుకు గర్వంగా ఉంది. అయితే వంతెన మాట విన్నాక రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆధార్ కార్డును నమ్ముకుని విమానం ఎక్కవద్దు. పాస్‌పోర్టో, ఓటరు కార్డో ఇద్దరి దగ్గరా ఉండాలి. మీ అమ్మకు జారని బూట్లు కొను. చెప్పులు చాలని మొండికేస్తుంది, వినకు. కాళీగండకి లోయలో పొద్దెక్కేకొద్దీ గాలి బలపడుతుంది, ఎగువన జోమ్‌సోమ్‌కు విమానాలు సైతం ఉదయంపూటే నడుస్తాయి, కాబట్టి వంతెన దగ్గరకు పొద్దున్నే చేరుకోండి.

2020లో తెరిచిన ఆ వంతెన పొడవు 567 మీటర్లు. మన ప్రకాశం బ్యారేజీలో సగం కూడా లేదు కదా అనుకుంటావేమో. బ్యారేజీ కింద వరుసగా స్తంభాలున్నాయి. దీనికి నడుమ ఆధారమే లేదు, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు లాగి కట్టిన ఉక్కుతాళ్ల మీదే నడకదారి పరిచారు. తాడు మధ్యలో కుంగుతుంది గనుక మొదటి సగం దిగుడు, రెండో సగం ఎక్కుడు. దిగేటప్పుడు హుషారుగానే ఉంటుంది, మీ అమ్మ మోకాళ్ల సంగతి బయటపడేది మధ్యకు చేరాకే. అక్కడి నుంచి వెనక్కి తిరిగినా ఎక్కుడే.

ఇక అసలు సంగతి. 1984లో మా అమ్మనూ, పదహారేళ్ల మీ అమ్మనూ రిషీకేశ్ తీసుకువెళ్లాను. అప్పటికి నేను ఓవర్సీయరుగా చేరి రెండేళ్లు. చదివినదంతా ఎవరికో ఒకరికి చెప్పకపోతే తోచని వయసు. గంగ మీది ఊగే వంతెన లక్ష్మణ్ ఝూలా మధ్యకు వచ్చాక, అక్కడి పాత వంతెనను 1924 వరదలో గంగ ఈడ్చుకుపోయిందనీ, 1831లో ఇంగ్లండులోని బ్రాటన్ దగ్గర సైనికుల అడుగులన్నీ ఒకేసారి పడి వంతెన కూలిందనీ, అప్పటి నుంచి వంతెనల మీద కవాతు మానుకోవలసి వచ్చిందనీ మీ అమ్మకు ఉపన్యాసం ఇచ్చాను. అంతటితో ఆగానా? ఎలా ఊగుతుందో చూడమంటూ మోకాళ్లు వంచి లయగా తొక్కాను. ఒక్కడి తొక్కుడుకు ఆ వంతెన కూలదని నాకు తెలుసు. మా అమ్మకు తెలియదు. గంగనీళ్ల చెంబుతో వెనుక వస్తున్న ఆమె ఉన్నచోటనే చతికిలబడి, రెండు చేతులతోనూ పక్కనున్న జాలీని పట్టుకుంది. చెంబు దొర్లిపోయి నీళ్లు కుచ్చిళ్లను తడిపాయి.

నేను నవ్వాను. ఇంత పిరికిదానివేమిటమ్మా అంటూ రెక్క పట్టి లాగాను, లాగినకొద్దీ బిగుసుకుపోయింది. వెనుక జనం ఆగిపోయారు. చివరికి మన భాష రాని ముసలావిడ ఎవరో వచ్చి పక్కన కూర్చుని, కాసేపటికి తన కొంగు అంచును మా అమ్మ చేతిలో పెట్టి మెల్లగా ముందుకు నడిచింది. ఆ కొంగు పట్టుకుని, ఆవిడ మడమలనే చూసుకుంటూ మా అమ్మ గట్టెక్కింది. తిరిగి వచ్చేటప్పుడు పడవలో పోదామంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

మీ అమ్మ ఈ కథ నీకు చెప్పి ఉండదు. నిన్న ఫోనులో మాత్రం “అన్నయ్యా, అది బాగా ఊగుతుందా?” అని రెండుసార్లు అడిగింది.

2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీలో ఊగే వంతెన తెగి 135 మంది పోయారు. ప్రధాన కేబులులోని 49 తీగలలో 22 అప్పటికే తుప్పుపట్టి ఉన్నాయని దర్యాప్తులో తేలింది, అంటే తప్పు నడిచినవాళ్లది కాదు. అయినా కుర్రాళ్లు వంతెనను ఊపుతున్న దృశ్యాలు టీవీలో వస్తుంటే నేను చూడలేక లేచి వెళ్లిపోయాను.

అందుకని చెబుతున్నాను, రీళ్ల కోసం అక్కడ గెంతావంటే ఊరుకోను. బ్యారేజీ మీద స్కూటీ నడుపుతూ తీసిన వీడియో నేనూ చూశాను. అప్పుడు ఏమీ అనకపోవడం నా పొరపాటే. జనం ఎక్కువగా ఉంటే పలచబడేదాకా గట్టునే ఆగు. ఊగే వంతెన మీద మనుషులు తమకు తెలియకుండానే ఒకే అడుగు వేస్తారు. 2000లో లండన్ మిలీనియం వంతెనను తెరిచిన రెండు రోజులకే మూసింది ఆ ఊపు వల్లనే. ఊపు ఎక్కువైతే గబగబా దాటేయాలని చూడవద్దు, కదలకుండా నిలబడు. మీ అమ్మను లాగవద్దు, ధైర్యం నూరిపోయవద్దు. ఒక్క అడుగు ముందుండి, నీ చున్నీ అంచును ఆమె చేతికివ్వు. మొదటి అడుగులోనే వద్దంటే, గట్టు మీద కూర్చుని ఇద్దరూ టీ తాగి నదిని చూసి రండి. దానికి నామోషీ ఏమీ లేదు తల్లీ.

సొట్టపడిన ఆ చెంబు ఇప్పటికీ మా పూజగదిలోనే ఉంది. బయలుదేరేలోగా ఒకసారి వచ్చి తీసుకుపో, గండకి నీళ్లు తెద్దువుగాని. వంతెన మీద మాత్రం అది సంచిలోనే ఉండాలి. మీ అమ్మ చేతులు ఖాళీగా ఉండనీ.

మీ మావయ్య